గాలపువాని సాక్ష్యము

గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చినదన్న వార్త వినబడగానే మన తీరపట్టణములలో పులస మాటయే మాట. సముద్రమున విలస యనబడు చేప, వరదనీటి జాడ నెఱిగి, ఉప్పునీటిని విడిచి, ఏటి కెదురీదుచు వచ్చి, మంచినీటిలో పులస యగుచున్నది. పుస్తెలమ్మియైనను పులస తినవలెనని సామెత పుట్టించిన జాతి మనది. ఏ రేవున ఎన్ని దొరకినవి, ఏది ఎన్నివేల రూపాయలకు పాట పోయినది, ఎవరు కొనిరి, ఎవరికి కానుకగా పంపిరి - ఈ ముచ్చట్లు పఠనమందిరములందును, కాఫీహోటళ్లయందును, రైలుబండ్లలోను జూలైనుండి సెప్టెంబరువఱకు వినవచ్చుచుండును. ఒక్క ప్రశ్న మాత్రము ఎచ్చటను వినబడదు. ఈ చేప మన మనుమల కాలమున ఉండునా?

ఈ ప్రశ్న మమ్మడిగినవారు ఒక గాలపువారు. రాజమహేంద్రవరమున ఒక రేవునకు దిగువను, ఉదయమున రెండుగడియలు, సాయంకాలమున రెండుగడియలు గాలము వేసికొని కూర్చుండు వృద్ధు లొకరు గలరు. బడిపంతులుగా ముప్పదియేండ్లు పనిచేసి విశ్రాంతి గొన్నవారు. చేపలు పట్టుట వారికి జీవనాధారము గాదు, వ్యాపారమును గాదు. ఇంటికి కావలసినవి ఒకటి రెండు ఉంచుకొని తక్కినవానిని నీటిలో విడిచిపెట్టుదురు. ఏ పక్షమునకును చెందినవారు కారు. ఏ కంట్రాక్టును కోరువారు కారు. ఇట్టివారి మాటకు సాక్ష్యములో విలువ యెక్కువ. అందుచేత వారితో మేము గడపిన ఒక సాయంకాలపు సంభాషణము నాధారముగా గొని, మత్స్యసంరక్షణమును గూర్చియు, దాని పేర వ్యయమగుచున్న ప్రజాధనమును గూర్చియు ఈ వారము నాలుగుమాటలు వ్రాయ దలచితిమి.

వారు చేపను పట్టుకొను తీరు చూడదగినది. గాలపు కొక్కెమునకు ఎదురుముల్లు ఉండదు. పట్టుకారుతో ముందే నొక్కివేసియుందురు. చేప ఒడ్డునకు రాగానే మొదట తమ చేతులు నీటిలో ముంచుదురు. పిమ్మటనే చేపను తాకుదురు. దానిని ఇసుకమీద దొర్లనీయరు; మొప్పలలో వ్రేలు దూర్చి వ్రేలాడదీయరు; పొడితువ్వాలుతో పట్టరు. చిన్నదియైనను, కడుపునిండ గ్రుడ్లున్నదియైనను, నీటినుండి పూర్తిగా పైకెత్తకయే కొక్కెము నూడదీసి, తల ప్రవాహమున కెదురుగా నుంచి, అది తనంతట తాను తోక విదిల్చువఱకు నిలిపి విడుతురు. కారణ మడిగితిమి. "బాబూ, చేప ఒంటిమీది జిగురే దానికి కవచము. పొడిచేతితో తుడిచితిమా, ఆ కవచము పోవును, పుండు పడును, బూజు పట్టును. అది మన కన్నులయెదుట ఈదుకొనిపోవును గాని నాలుగుదినములలో ఎచ్చటనో చచ్చును. మనము మాత్రము ఒక ప్రాణిని విడిచితిమని పుణ్యము లెక్క వేసికొందుము" అనిరి.

వేసవిలో మిట్టమధ్యాహ్నము వారు గాలమే వేయరు. దానికిని కారణము గలదు. నీరు వేడెక్కినకొలది దానిలో కరగియుండు ప్రాణవాయువు తగ్గును. 20 డిగ్రీల వేడిమి గల మంచినీరు లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును నిలుపుకొనగలుగగా, 30 డిగ్రీల నీరు ఏడున్నర మిల్లీగ్రాములకు మించి నిలుపుకొనజాలదు. గాలమునకు తగిలి పెనగులాడి అలసిన చేపకు అట్టినీటిలో ఊపిరి తిరుగదు. ఇట్టి సంగతులు తమకెవరు నేర్పిరని యడుగగా, "చచ్చిన చేపలు నేర్పినవి" అని పంతులుగారు చిఱునవ్వు నవ్విరి.

విడుచుట వేఱు, బ్రతికించుట వేఱు. పంతులుగారి అనుభవమంతయు ఈ యొక్కమాటలో నిమిడియున్నది. ఈ మాట గాలపుకఱ్ఱ పట్టువానికే గాక ఖజానా తాళపుచెవులు పట్టువానికిని వర్తించునని మా యభిప్రాయము. ఎట్లన, మన ప్రభుత్వములు చేపలకొఱకు ధనము విడుచుచున్నవి. చేపపిల్లలను గూడ విడుచుచున్నవి. విడిచినదానికి లెక్క యున్నది. బ్రతికినదానికి లెక్క యెచ్చట?

ధనము లేదనుట కిప్పుడు వీలులేదు. 2019లో కేంద్రప్రభుత్వమున మత్స్యములకు, పశువులకు, పాడికి ప్రత్యేక మంత్రిత్వశాఖ యేర్పడినది. 2020లో ప్రధానమంత్రి మత్స్యసంపద యోజన ప్రారంభమైనది. 2020-21 మొదలు 2024-25 వఱకు గల అయిదేండ్లకు దానికి నిర్ణయించిన మొత్తము 20,050 కోట్ల రూపాయలు. అందు కేంద్రము వంతు 9,407 కోట్లు, రాష్ట్రముల వంతు 4,880 కోట్లు, లబ్ధిదారులు పెట్టుకొనవలసినది 5,763 కోట్లు. చెఱువులు త్రవ్వుటకు, హేచరీలకు, పడవలకు, మంచుకర్మాగారములకు, చేపల అంగళ్లకు ఈ ధనము ఉద్దేశింపబడినది. నదులలో చేపపిల్లలను విడుచు కార్యక్రమమును అందు చేర్పబడినది. ఈ ఉద్దేశములను మేము నిందింపము. మంచులేక కుళ్లిపోవు చేప జాలరి కడుపుమీది దెబ్బ. దానిని తప్పించు ప్రతి రూపాయయు సద్వ్యయమే.

చెఱువులలో పిల్లలను విడుచుటను గూడ మేము ఆక్షేపింపము. బొచ్చె, శీలవతి, ఎఱ్ఱమోసు మొదలగు మన పెద్దజాతి చేపలు ప్రవహించు వరదనీటిలో గ్రుడ్లు పెట్టునవి. నిలువనీటి చెఱువులో సహజముగా సంతానము కనవు. 1957 జూలై 10వ తేదీన ఒరిస్సాలో హీరాలాల్ చౌధురి, అలీకుంహి అను శాస్త్రజ్ఞులు మస్తిష్కగ్రంథిరసము నెక్కించి వానిచే గ్రుడ్లు పెట్టించుటతో ఆ చిక్కు విడినది. ఆ దినమునే మనదేశమున మత్స్యకృషికుల దినముగా జరుపుకొనుచున్నారు. కావున చెఱువునకు పిల్లలు బయటినుండి రావలసినదే. తెలంగాణ ప్రభుత్వము 2016లో పూర్తిగా ప్రభుత్వవ్యయముతో చెఱువులందును జలాశయములందును పిల్లలను విడువ నారంభించినపుడు, చెఱువు నిండిన యూళ్లలో బెస్తవారికి కలిగిన యాశ సహజమైనదే.

ఐనను గాలపువారి ప్రశ్న యిచ్చటనే పుట్టుచున్నది. "వ్రేలంత పిల్లను విడిచిన, దానిని జెల్లయో, వాలుగయో, కొఱమీనో మ్రింగును. జానలో సగమున్న పిల్లను విడిచిన కొంత నిలుచును. ప్లాస్టిక్కుసంచిలో ఎండలో గంటలకొలది ప్రయాణము చేయించి, సంచినీటికిని చెఱువునీటికిని వేడిమి సమము గాకమునుపే గుప్పున క్రుమ్మరించిన, సగము సాయంకాలమునకే తేలును. సంఖ్య ఒక్కటే, ఫలము వేఱు. ఛాయాచిత్రము మాత్రము అన్నిటికిని ఒక్కటియే" అని వారనిరి. మాటలో కాఠిన్యమున్నను న్యాయ మున్నది. ఒక చెఱువులో ఎన్నిలక్షల పిల్లలను విడిచితిమని బోర్డు కట్టుట సులభము. వచ్చు వేసవిలో అదే చెఱువునుండి ఎన్ని మణుగుల చేప వలలోనికి వచ్చినదో, ఎన్ని కుటుంబములకు ఎంత పంపకమైనదో అదే బోర్డుమీద రెండవ పంక్తిగా వ్రాయుట కష్టము. ఆ రెండవ పంక్తి లేని వ్యయము, పొడిచేతితో విడిచిన చేపవంటిది.

చెఱువుమాట యట్లుండగా, నదిమాట వేఱు. నదికి పిల్లలను దానము చేయనక్కఱలేదు. ఆ తల్లి తన సంతానమును తానే కనగలదు. ఒక్క శీలవతి బరువు కిలో ఒక్కంటికి రెండుమూడు లక్షల గ్రుడ్లు పెట్టును. నదికి కావలసినవి మూడు: నీరు, దారి, విరామము. ఈ మూటిని విడిచి సంచులతో పిల్లలను తెచ్చి పోయుట, తల్లికి అన్నము పెట్టక బిడ్డలను అరువు తెచ్చి ఒడిలో పెట్టుటవంటిది. ఇందుకు పులసకంటె మంచి దృష్టాంతము లేదు.

పంతులుగారు పులసను గూర్చి మాటలాడునపుడు వారి స్వప్రయోజన మేమియు లేదని పాఠకులు గ్రహింపవలెను. ఏలయన, పులస గాలమునకు తగులు చేప గాదు. నీటిలోని కంటికానని సూక్ష్మజీవులను వడగట్టి తినునదే గాని ఎఱను మ్రింగునది గాదు. వలకే చిక్కును. పైగా అది మిక్కిలి సుకుమారమైనది. వలలో చిక్కినంతనే, నీరు విడిచినంతనే, ప్రాణము విడుచును. కనుక తడిచేయి దానిని కాపాడదు. "శీలవతిని నేను కాపాడగలను, బాబూ. పులసను నేను గాని, వల వేసినవాడు గాని కాపాడలేడు. చేతికి వచ్చినపిమ్మట దానికి రక్షణ లేదు. చేతికి రాకమునుపే రక్షణ యుండవలె. అది రాజ్యముపని" అని వారనిరి. వ్యక్తిధర్మ మెచ్చట ముగియునో, రాజధర్మ మెచ్చట మొదలగునో ఇంతకంటె స్పష్టముగా చెప్పుట మాకు సాధ్యము గాదు.

పులస దారి యేమి? సముద్రమునుండి గౌతమీ వసిష్ఠముఖముల ప్రవేశించి అది పైకి రావలెను. దాని కెదురుగా ధవళేశ్వరమున అడ్డుకట్ట యున్నది. 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన కాటను దొర ఆనకట్ట గోదావరీమండలమునకు అన్నము పెట్టినది. ఆయనపేర నేటికిని మన పల్లెలలో విగ్రహములు నిలుచుచున్నవి, నిలువదగినవే. కాని వరికి నీరిచ్చిన గోడయే చేపకు దారి మూసినదన్న సత్యమును చెప్పుటవలన ఆయన కీర్తికి లోపము రాదు. ఆ పాత యానకట్ట స్థానమున గత శతాబ్దము చివరిపాదమున 175 తలుపులతో నూతన బ్యారేజీ నిర్మింపబడినది. పెద్దవరద వచ్చి తలుపులెత్తినపుడు చేపకు దారి, దించినపుడు గోడ. పులస ప్రయాణము తలుపులెత్తువాని పంచాంగముమీద నాధారపడియున్నది.

దీనికి నలువది కిలోమీటర్ల యెగువను పోలవరము నిర్మాణ మగుచున్నది. ఆ స్పిల్‌వేలో చేపలు పైకెక్కుటకు మెట్లదారి నొకదానిని ఏర్పరచిరి. అడ్డుకట్ట కట్టువాడు చేపను తలచుకొనుట మన దేశమున తఱచుగా జరుగునది కాదు గనుక ఇది ప్రశంసింపదగిన పని. కాని పంతులుగా రడిగిన ప్రశ్న మాకును తోచుచున్నది. ధవళేశ్వరము దాటి యెన్ని పులసలు పోలవరము మెట్లను చేరుచున్నవి? మేడకు మెట్లు కట్టించి వాకిలి మాట మఱచినచో అతిథి యెట్లు పైకి వచ్చును? రెండు కట్టలకును నడుమ చేపల రాకపోకలను ఏటేట లెక్కించి, ఆ లెక్కను ప్రజలయెదుట నుంచుటకు కాగలవ్యయము, కట్టడములవ్యయముతో పోల్చినచో గంగలో చెంబెడు నీరు. గంగమాట వచ్చినది గనుక చెప్పుదుము: 1975లో ఫరక్కా బ్యారేజీ పనిచేయ నారంభించినపిమ్మట, అంతకుపూర్వము ప్రయాగవఱకు ఎక్కివచ్చుచుండిన ఇదే జాతిచేప ఆ యెగువతీరములందు అపురూపమైపోయినది. పోయినదానిని తిరిగి తెచ్చుటకు అచ్చట ఇప్పుడు పడుచున్న పాట్లు చూచియైనను గోదావరీతీరవాసులము మేల్కొనవలదా?

గాలపువారు రాజ్యమునకు ఇట్టి హితము చెప్పుట నూతనము గాదు. దక్షిణకన్నడమున కలెక్టరుగా నుండిన హెన్రీ సల్లివన్ థామస్ అను నింగ్లీషువాడు గాలపువిద్యలో అందెవేసిన చేయి. 1873లో ఆయన వ్రాసిన 'ది రాడ్ ఇన్ ఇండియా' ఆ విద్యకు మనదేశమున ప్రసిద్ధగ్రంథము. ఆ 1873లోనే మదరాసు సైన్యమున వైద్యుడుగా నుండిన ఫ్రాన్సిస్ డే, భారత బర్మాదేశముల మంచినీటి చేపలను గూర్చి ప్రభుత్వమునకు నివేదిక సమర్పించెను. సన్నకన్నుల వలలతో పిల్లలను ఊడ్చుట, నీటిలో విషము కలుపుట, కాలువలకడ్డముగా మావులు నాటుట - వీనివలన సంతానము నశించుచున్నదని నాడే తెలిసినది. చట్టము మాత్రము 1897లో వచ్చినది. ఎఱిగిన నిజము శాసనమగుటకు ఇరువదినాలుగేండ్లు పట్టినది! ఆ చట్టము ప్రేలుడుమందులతోను విషముతోను చేపలను చంపుటను నిషేధించినది. వలకన్నుల పరిమాణమును నిర్ణయించుటకును, ఒక్కొక్క నీటిపట్టున రెండేండ్లవఱకు వేటను పూర్తిగా మాన్పించుటకును ప్రభుత్వమున కధికార మిచ్చినది. 1907లో మదరాసు రాజధానిలో సర్ ఫ్రెడరిక్ నికల్సన్ ఆధ్వర్యవమున మత్స్యశాఖ పుట్టినది. అనగా శాస్త్రమున్నది, శాసనమున్నది, శాఖయున్నది. నూఱేండ్లు దాటినవి. నేటికిని దోమతెరవంటి వలలు రేవులలో ఆరవేసియుండుట మేము కన్నులార చూచితిమి. లోపము చట్టములో లేదు. దానిని నడపు చేతిలో నున్నది. నాడు ప్రభుత్వము పరాయిది. నింద దానిమీద త్రోసి నిద్రింప వీలుండెను. నేడు ఖజానా మనది, శాఖ మనది, నది మనది. నిందయు మనదే.

ఇందుకు ఒక ఆక్షేపణ గలదు, అది బలవత్తరమైనది. గాలపువానికి చేప వినోదము, జాలరికి జీవనము. తీరికగలవాడు ఒడ్డున కూర్చుండి వల వేయవద్దని ఆకలిగొన్నవానికి ధర్మోపదేశము చేయుట తగునా అని యడుగువారున్నారు. తగదు. విరామము కోరువారు ఆ విరామపుకూలి చెల్లింపవలెను. సముద్రమువిషయమున ఈ ధర్మమును మనము ఇదివఱకే యంగీకరించితిమి. తూర్పుతీరమున ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు 61 దినములు మరపడవల వేట ఆపివేయబడుచున్నది. ఆ కాలమున జీవనభృతిగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019లో కుటుంబమునకు 10,000 రూపాయల చొప్పునను, 2025లో 20,000 రూపాయల చొప్పునను ఇచ్చినది. సముద్రమునకు చెల్లిన నీతి నదికేల చెల్లదు?

మన పొరుగున నున్న బంగ్లాదేశము ఇదే చేపవిషయమున ఏమి చేసినదో చూడుడు. అక్టోబరుమాసమున గ్రుడ్లుపెట్టు వేళ ఇరువదిరెండు దినములు వేట నిషేధము. నవంబరునుండి జూనువఱకు చిన్నపిల్లలను పట్టుట నిషేధము. ఈ నిషేధకాలములయందు జాలరికుటుంబములకు ప్రభుత్వము బియ్యము పంచును. ఈ శతాబ్దారంభమున సంవత్సరమునకు సుమారు రెండులక్షల టన్నులుగా నుండిన ఆ దేశపు హిల్సా 2017-18 నాటికి అయిదులక్షల టన్నులు దాటినది. బియ్యము చాలలేదనియు, ఆలస్యముగా చేరినదనియు అచ్చటి జాలరులు మొఱపెట్టుకొనకపోలేదు. ఆ లోపములనుండియు మనము నేర్చుకొనవచ్చును. కాని మూలసూత్రము నిలిచినది: చేపను కాపాడు చౌకయైన మార్గము, దానిని పట్టువాని కడుపును ముందుగా కాపాడుట.

ధనము ఎచ్చటనుండి వచ్చుననెదరా? అమెరికాదేశపు గాలపువా రొక త్రోవ చూపిరి. 1950లో అచ్చట డింగెల్-జాన్సన్ చట్టము అమలులోనికి వచ్చినది. గాలపుకఱ్ఱలు, చక్రములు, కృత్రిమపు ఎఱలు మొదలగువానిమీద నూటికి పదివంతున పన్ను విధించి, ఆ సొమ్మును చేపల పునరుద్ధరణమునకే రాష్ట్రములకు పంచుదురు. పనిలో నాలుగింట మూడువంతుల వ్యయమువఱకు ఈ నిధి భరించును. రాష్ట్రమునకు ఒక్క నిబంధన గలదు: గాలపువారి లైసెన్సు రుసుములను మత్స్యమృగశాఖ నిర్వహణమునకు దప్ప మఱియొక దానికి మళ్లింపమని శాసనము చేసికొనవలెను. లేనిచో భాగము లేదు. మన దేశమున వినోదార్థము గాలము వేయువారు కొలదిమంది. పేదజాలరి వలమీద పన్ను వేయుట పాపము. కావున ఆ పన్నును మనము అనుకరింపవలెనని మేము చెప్పుటలేదు. అనుకరింపవలసినది ఆ కట్టుబాటును. చేపపేర వచ్చిన రూపాయ చేపకే చేరవలె. చేరినట్లు ఇచ్చినవానికి కనబడవలె.

ఇక మేము కోరునవి నాలుగు. మొదటిది, చెఱువునందు విడిచిన పిల్లల సంఖ్యతోపాటు పరిమాణమును, మఱుసటియేడు పట్టిన చేప తూకమును గ్రామపంచాయతీ గోడమీద వ్రాయవలెను. రెండవది, ధవళేశ్వరమునను పోలవరమునను పులస రాకపోకలను వరదకాలమున లెక్కించి ఏటేట ప్రకటింపవలెను. తలుపుల నడపుటలో పొలముతోపాటు చేప అవసరమును గూడ ఎంచవలెను. మూడవది, పులస ఎక్కివచ్చు ఋతువులో కొన్నిదినములు, శాస్త్రజ్ఞులును జాలరి సంఘములును కలసి నిర్ణయించినట్లు, నదికి విరామ మీయవలెను. ఆ దినముల కూలి ముందుగా జాలరియింట చేరవలెను, పిదప చేరుట కాదు. నాల్గవది, సన్నకన్నుల వలలను పట్టుకొనుట బీదవానిని కొట్టుటగా గాక, పాతవలకు మాఱుగా క్రొత్తవల నిచ్చుటగా సాగవలెను. ఈ నాలుగింటిలో దేనికిని క్రొత్త మంత్రిత్వశాఖ అక్కఱలేదు. క్రొత్త శంకుస్థాపనము అక్కఱలేదు. శంకుస్థాపనము లేని పనులగుటచేతనే అవి యింతకాలము నిలిచిపోయినవేమో!

పాఠకులకును ఒక మాట. కడుపునిండ గ్రుడ్లతో ఏఱెక్కివచ్చిన పులసను గొప్పగా కొని తినువారము మనమే. పాటలో ధర పెంచుచున్నది మనమే. జాలరి వలను నిందించుటకు ముందు మన పళ్లెమును చూచుకొనవలెను. ఏటికొక్కమాఱు తినువాడు రెండేండ్ల కొక్కమాఱు తినినచో ప్రాణము పోదు. కానుకగా పంపువాడు మఱియొక కానుక పంపినచో గౌరవము తగ్గదు. రాజ్యమును లెక్క యడుగువాడు తన లెక్కను గూడ సరిచూచుకొనుట న్యాయము.

మేము లేచునప్పటికి చీకటి పడుచుండెను. పంతులుగారి గాలమునకు ఒక చిన్న శీలవతి తగిలినది. చేతులు తడిపికొని, కొక్కెము విడదీసి, నీటిలోనే పట్టుకొని నిలిచిరి. అది వెంటనే కదలలేదు. "ఇంకను పట్టుకొనియున్నా రేమి, మాస్టారూ? విడిచితిరి గదా!" యన్నాము. "ఇంకను లేదు, బాబూ. అది తనంతట తాను పోవలె. అంతదాక నా పని పూర్తి గాలేదు" అనిరి. కొంతసేపటికి తోక విదిల్చినది. చేయి ఖాళీ యైనది. ఇరువదివేల కోట్ల వ్యయమునకు ఇంతకంటె మంచి లెక్కపరీక్ష మాకు తెలియదు.